యాదమ్మ కళ్లనీళ్లు

మొన్న నేరేడ్‌మెట్‌లో ఒక పాలవాళ్ల కొట్టం ముందు నడుస్తుంటే పురుగుల మందు వాసన తగిలింది. కుళ్లిన వెల్లుల్లిలాంటి ఆ ఘాటుకు సుగుణ మేడమ్ గుర్తొచ్చి కాళ్లు ఆగిపోయాయి. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం ఆవిడది. సికింద్రాబాద్‌లో మా పశువుల ఆసుపత్రికి ఆవిడే పెద్ద డాక్టరు, నేను కొత్తగా చేరిన చిన్న డాక్టర్ని. ఆవిడ చెప్పుల చప్పుడు వింటే కాంపౌండర్లు బీడీలు ఆర్పేసేవారు. నాకూ భయమే.

ఒకరోజు బోయిగూడ నుంచి మల్లయ్య, అతని భార్య యాదమ్మ పాడిబర్రెను ట్రాలీలో తెచ్చారు. పిడుదులు పట్టాయని పొద్దున యాదమ్మ పంటలకు కొట్టే మందు నీళ్లలో కలిపి, గుడ్డ ముంచి బర్రె ఒళ్లంతా రుద్దిందట. చాలా ఇళ్లలో అదే అలవాటు. బర్రె నోట చొంగ, కళ్ల వెంట నీళ్లు, ఛాతీలో గురగుర.

కాంపౌండర్లతో బర్రెను సబ్బునీళ్లతో కడిగిస్తూ, మేడమ్ అట్రోపిన్ ఎక్కించారు.

"ఈ మందు విషాన్ని తియ్యదమ్మా," అన్నారు నాతో. "ఊరే నీళ్లని ఆపి ఊపిరాడనిస్తుంది, అంతే. నోరు ఆరిందో లేదో వేలు పెట్టి చూసుకుంటూ ఇవ్వాలి."

యాదమ్మ గోడకానుకుని కన్నీళ్లు కారుస్తోంది. "ఏడ్వకే, మేడమ్ చూస్తుండ్రు గద," అంటున్నాడు మల్లయ్య. నేనూ భుజం తట్టి ధైర్యం చెప్పాను. మేడమ్ మాత్రం ఆమెనే చూస్తున్నారు. యాదమ్మ కళ్లకన్నా ఎక్కువగా నోటినే కొంగుతో తుడుచుకుంటోంది.

"భయపడి ఏడ్చేవాళ్లకి నోరెండిపోతుంది. ఈమెకి ఊరుతోందే," అంటూ వెళ్లి రెప్పలెత్తి చూశారు. కనుపాపలు ఆవగింజంత ఉన్నాయి. "వట్టి చేతుల్తో రాశావా అమ్మా?"

"అవ్ మేడమ్. జెర కండ్లు మసకైతున్నయ్, గంతే. ముందుగాల బర్రెను చూడుండ్రి."

"నీకూ అదే విషం ఎక్కింది, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి," అన్నారు మేడమ్.

"బర్రెను ఇడిసి ఎట్ల పోతం?" అన్నాడు మల్లయ్య.

"బర్రె దగ్గర ఈ అమ్మాయి ఉంటుంది. నీ భార్యకి ఎవరున్నారు, నువ్వు కాక?"

ఆమె చేతులు కడిగించి, ఇద్దర్నీ తన కారులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నేను వేలు పెట్టి చూస్తూ మందు ఇస్తూనే ఉన్నాను. నోరు ఆరలేదు. పొద్దు వాలకముందే బర్రె పోయింది. పెద్దాసుపత్రిలో అదే అట్రోపిన్‌తో యాదమ్మ బతికింది.

కొన్నాళ్లకు ఆమె వచ్చి, "దాన్ని ఇడిసి నన్ను పట్టుకపోతిరి మేడమ్. దూడ ఒర్రుతాంటే ముద్ద దిగుతలేదు," అంది. మేడమ్ ఆ చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ కళ్లు తడవడం చూసి నాకూ దుఃఖం ఆగలేదు.

మేడమ్ పోయి చాలా కాలమైంది. పశువును తోలుకొచ్చిన మనిషి ముఖం చూశాకే నేను పశువు మీద చెయ్యి వేస్తాను. ఎవరైనా ఏడుస్తుంటే మాత్రం వెంటనే ఓదార్చలేను. ముందు వాళ్ల కళ్లలోకి చూస్తాను.