నీళ్ళలోనే బిగించిన మూత

మా పరిశోధన పత్రాన్ని ఎవరెవరు ఉదహరించారో చూసుకోవడం నాకు పొద్దున్నే కాఫీతోపాటు అలవాటు. గొప్పలు పోతోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఆ గొప్ప నా ఒక్కదానిదే అయితే మొహమాటపడేదాన్నేమో. అందులో సగం మా అమ్మది.

నేను విజయవాడలో ఒక కాలేజీలో మాలిక్యులర్ బయాలజీ చెబుతాను. నా పరిశోధన ఇనుము, గంధకం కలిసిన ప్రోటీన్ల మీద. ఇవి మన ఒంట్లోనూ ఉంటాయి. తిన్న తిండి శక్తిగా మారే దారిలో ఎలక్ట్రాన్లను ఒకదానినుంచి ఇంకొకదానికి అందిస్తుంటాయి. చూడడానికి ముదురు డికాక్షన్ రంగు. చాలావాటికి గాలంటే పడదు. గాలి తగిలిందా, ఆ రంగు వెలిసిపోతుంది, దాంతోపాటు నా నెలల పని కూడా.

వరి పొలం బురదలో, గాలి అందని లోతున బతికే ఒక బ్యాక్టీరియాలో ఇలాంటి కొత్త ప్రోటీన్ ఉండాలని నా అనుమానం. బురద కోసం చల్లపల్లి దగ్గర మా ఊరికే వెళ్ళేదాన్ని. వన్ టౌన్‌లో కొన్న వెడల్పు మూతి సీసాల్లో నింపుకుని, బస్సెక్కి, లాబ్‌కి పరిగెత్తేదాన్ని. అక్కడ నైట్రోజన్ నింపిన గాజు పెట్టె, అందులో చేతులు దూర్చడానికి రబ్బరు తొడుగులు, హంగులన్నీ ఉన్నాయి. బ్యాక్టీరియా మాత్రం పెరగలేదు. రెండు పంటకాలాలు అలాగే పోయాయి.

మా అమ్మ ఊళ్ళోవాళ్ళ పొలాల్లో నాట్లు వేసి నన్ను చదివించింది. ఒకరోజు నేను సీసా నింపుతుంటే గట్టు మీద నిలబడి చూసింది.

"అమ్మాయ్, ఆ మట్టిని చంపేసి పట్టకెళ్తన్నావు," అంది.

"చంపడమేంటమ్మా?"

"లోపలున్నప్పుడు నల్లగా ఉంటదా? తీసి గట్టుకి మెత్తితే తెల్లారేసరికి ఎర్రబడుద్ది. గాలి తగిలాక ఇంక అది ఆ మట్టి కాదు."

చీర ఎగదోపి పొలంలోకి దిగింది. సీసాను నీళ్ళలో ముంచి, బుడగలన్నీ పోయేదాకా వంచి పట్టుకుంది. లోతునున్న బురదను నీళ్ళ అడుగునే సీసాలోకి తోసి, మూత కూడా నీళ్ళలోనే బిగించింది. పైకి తీస్తే లోపల ఒక్క బుడగ లేదు. క్లాసులో గాలి గురించి గంటలకొద్దీ చెప్పే నేను నోరెళ్ళబెట్టి నిలబడ్డాను.

ఆ సీసాలోంచే బ్యాక్టీరియా పెరిగింది. ప్రోటీన్ డికాక్షన్ రంగులో దిగింది. పత్రం రాశాను. బురద ఎలా తీశామో వివరించాల్సిన చోట 'మామూలు పద్ధతిలో' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. మర్చిపోయి కాదు. నాట్లు వేసే అమ్మ చెప్పిందంటే పెద్ద పెద్ద లాబ్‌ల వాళ్ళు నవ్వుతారని సిగ్గుపడ్డాను.

శాస్తి జరిగింది. ఈ ప్రోటీన్ల మీద పేరుమోసిన ఒక విదేశీ లాబ్ వాళ్ళు తమ వరి పొలాల్లో అదే బ్యాక్టీరియా కోసం వెతికారు. దొరకలేదు. మా ఫలితం తమకు రాలేదని అచ్చులో రాశారు. మా రంగంలో ఆ మాట పడితే ఇక తలెత్తుకోలేం. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మేడమ్, మనం అబద్ధం రాశామా అండీ?"

"లేదమ్మా. నేను నిజం దాచాను," అన్నాను.

ఆ వారమే సవరణ పంపాను. సీసా ముంచడం దగ్గర్నుంచి మూత బిగించడం దాకా అంతా వరసగా రాశాను. ఇది వరి నాట్లు వేసే మా అమ్మ చూపిన పద్ధతి అని కూడా రాశాను. ఎవరూ నవ్వలేదు. ఆ విదేశీ లాబ్ వాళ్ళు అలాగే చేసి చూశారు. ఈసారి వాళ్ళకీ రంగు కనిపించింది. మా ఫలితం సరైనదేనని పత్రం వేశారు. ఇప్పుడు ఎక్కడెక్కడి లాబ్‌లూ అదే పద్ధతి వాడుతున్నాయి. మొన్నొక సెమినార్‌లో ఎవరో మూత బిగించే బొమ్మను తెర మీద వేశారు. ఆ చేతులకి రబ్బరు తొడుగులున్నాయి. మా అమ్మ ఉత్త చేతులతోనే చేసిందని లేచి మరీ చెప్పాను.

విదేశీ లాబ్ వాళ్ళ రెండో పత్రం వచ్చిన ఆదివారం, చర్చి నుంచి రాగానే అమ్మని కూర్చోబెట్టి, మొదట తన సంగతి రాయలేదని ఒప్పుకుని, ఆ పత్రంలో తన గురించి ఉన్న ముక్కను తెలుగులో చదివి వినిపించాను. చర్చిలో బైబిల్ వాక్యం విన్నట్టే తల మీద చెంగు తీయకుండా విన్నది.

"మరి మొదటే ఎందుకు రాయలేదే?" అంది.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "సిగ్గేసిందమ్మా."

అమ్మ తన చేతుల వంక చూసుకుంది.

"నాకు మాత్రం ఎప్పుడూ సిగ్గెయ్యలా," అంది. "ఏదీ, ఆ ముక్క మళ్ళీ చదువు."

ఈసారి పక్కింటికి వినబడేలా చదివాను.