ఎవరి పొట్లం వాళ్లింట్లోనే విప్పాలి

ఇప్పుడు ఎవరేమడిగినా కాస్త ఆగి జవాబు చెబుతున్నాను గానీ, కెనడా వచ్చిన కొత్తలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజుల్లో కాలేజీలో చదువుకుంటూ ఎటోబికోలో ఒక జర్మన్ బడిలో పార్ట్‌టైమ్‌గా చేరాను. అక్కడ పొద్దున పాఠాలు జర్మన్‌లో, మధ్యాహ్నం ఇంగ్లిష్‌లో. ఆ తర్వాత ఇంటికెళ్లేదాకా ఒకటో తరగతి పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం నా పని. గుమ్మంలోనే బూట్లు విప్పించడం చూసి, వీళ్లూ మనవాళ్లే అనుకున్నాను. (కొంప అక్కడే మునిగింది.)

నేను చేరిన రెండో రోజే, జ్వరం వల్ల అందరికన్నా వారం ఆలస్యంగా బళ్లో చేరిన ఒక పాప, కొత్త గౌనులో, తనంత ఎత్తు కాగితపు పొట్లంతో వచ్చింది. ఆకారానికి శనగల పొట్లమే, లోపల మాత్రం నిండా చాక్లెట్లు. ఇంక అడిగేదేముంది, పుట్టినరోజే! మా గుంటూరు బళ్లో పుట్టినరోజు పిల్ల క్లాసంతా తిరిగి పంచకపోతే ఎంత నామోషీ! నేనే రిబ్బను విప్పి, పాపను వెంటేసుకుని, వంటావిడతో సహా అందరికీ పంచిపెట్టించాను.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చి, ఖాళీ పొట్లం చూసి, దాన్ని తలకిందులు చేసి దులిపింది. టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి విషయం చెప్పింది. బళ్లో చేరిన రోజున పిల్లలకి ఇంట్లోవాళ్లు ఇచ్చే పొట్లమట అది, ‘స్కూల్ కోన్’ అంటారట. ఇంటికెళ్లాకే విప్పాలట. జర్మనీలో ఉన్న అమ్మమ్మ పంపిందట, తను వీడియోలో చూస్తుండగా విప్పమని. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. "రేపు క్లాస్ కౌన్సిల్‌లో మాట్లాడదాం" అంది టీచరమ్మ.

"అరే, ముందుగాల అడగాలె కదరా! ఇంకో జాబ్ యాడ దొరుకుతది నీకు?" అన్నాడు వరంగల్ రూమ్మేట్.

"పాప నవ్వుతూనే పంచింది రా."

"నవ్వక ఏం జేస్తది, ఎనకనుంచి నువ్వు తోస్తాంటే!"

ఆ బళ్లో ఏ తగువైనా పిల్లలే గుండ్రంగా కూర్చుని తేలుస్తారు. పెద్దవాళ్లయినా చెయ్యెత్తి మాట్లాడాల్సిందే. మోకాళ్లు గడ్డానికి తగిలే బుల్లి కుర్చీలో నేను, ఎదురుగా ప్రిన్సిపల్. చెయ్యెత్తి, మా ఊరి పద్ధతి చెప్పి, సారీ అన్నాను. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మమ్మ చూడనేలేదు" అంది. నా పని అయిపోయిందనుకున్నాను. కాసేపటికి ఆ పిల్లే మళ్లీ చెయ్యెత్తి, "కానీ ఇప్పుడు నాకు అందరి పేర్లూ తెలుసు" అంది. ఇంకో బుడతడు నావైపు చూసి, "హీ ఈజ్ న్యూ టూ. వేర్ ఈజ్ హిజ్ కోన్?" అన్నాడు. ప్రిన్సిపల్ నవ్వేసింది.

పిల్లలే తీర్పు చెప్పారు. తలా ఒకటి తెచ్చి పాప పొట్లం మళ్లీ నింపాలి, అమ్మమ్మ ముందే విప్పాలి. నాకూ ఒకటి చేసివ్వాలి. మర్నాడు అంత పొట్లం ఒళ్లో పెట్టుకుని బస్సెక్కితే, పక్క సీట్లో తెలుగు ఆంటీ ఒకావిడ, "ఏం బాబూ, ఇవాళ నీ పుట్టినరోజా?" అంది.

"కాదాంటీ, బళ్లో చేరాను."

గదికి రాగానే రూమ్మేట్ చెయ్యి చాచాడు. అమ్మకి వీడియో కాల్ కలిసేదాకా నేను రిబ్బను ముట్టుకోనివ్వలేదు. నాలోని, అన్నీ తెలిసిన ఆ కుర్రాడు తలపుకొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడి మీద కాస్త బెంగగానూ ఉంటుంది.