పన్నెండులో కనిపించని మనిషి

పోయినవాటిని ముందుగా లెక్క పెట్టుకోవడం నా అలవాటు. మా బావ పోయారు. ఆయన జింకల వేటకు వాడిన తుపాకీ, లైసెన్సు ఉన్న మనిషి లేని ఇంట్లో ఉండకూడదు కనుక, డీలరు చేతికి పోయింది. తన పొలంలో మమ్మల్ని తిరగనిచ్చిన ముసలి రైతు బావకన్నా ముందే పోయాడు. ఆయన కొండవాలు కూడా పోయింది, అక్కడిప్పుడు వరసగా కొత్త ఇళ్లు లేచాయట. బావ తుపాకీ పట్టుకుని బయల్దేరినప్పుడల్లా మా అక్క గడప దగ్గర నిలబడి అడిగే చిన్న ప్రశ్న ఒకటుండేది, అది వీటన్నిటికన్నా ముందే పోయింది. మొత్తం అయిదు. మిగిలిందల్లా జానెడు కన్నా కాస్త పొడవున్న నల్లటి గొట్టం, రెండు చివర్లా గాజు. తుపాకీ మీద బిగించి దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూసే స్కోపు. మొన్న మా అక్క దాన్ని పాత తువ్వాలులో చుట్టి, కార్డిఫ్ నుంచి హీత్రో విమానాశ్రయం పక్కన హేస్‌లోని మా ఫ్లాట్‌కి పార్సిల్ చేసింది. అందిందో లేదో కనుక్కోవడానికి ఫోన్ చేసి, మాటల మధ్యలో మామూలుగా అడిగింది.

"ఒరేయ్, నేను కొనిపించింది ఇది కాదుగా? అది తీసేసి మీ బావ దీన్నెందుకు పెట్టించుకున్నారో నీకు తెలుసుగా?"

తెలుసు. తెలుసు కనుకనే, లైన్ సరిగ్గా లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

నా ఈడువాళ్లు, ఆ రోజుల్లో ఈ దేశంలో కుదురుకున్నవాళ్లు ఇది చదివితే ముందు నవ్వుతారు. మనవాళ్లలో వేటేమిటి, తుపాకీ ఏమిటి అని. మేమూ అలాగే నవ్వుకున్నాం. బావ కార్డిఫ్ పైనున్న కొండల ఊళ్లో జీపీ, అంటే ఊరందరికీ డాక్టరు. నేను హీత్రో దగ్గర కార్గో షెడ్డులో పనిచేసేవాణ్ని. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, పెట్టెల బరువులూ కొలతలూ కూడుకుంటూ నాకు నేనే పట్టుకున్న విద్య అది, దానితో ఏదైనా తేల్చేయవచ్చునని ఒక ధీమా ఉండేది. డ్యూటీ రోటాలో శని ఆదివారాలు సెలవు పడితే చాలు, కారు వేసుకుని అక్క ఇంటికి పరుగెత్తేవాణ్ని. అలాంటి ఒక వారాంతంలోనే, రెండు వేల పదకొండులో, బావ ఈ కబురు చెప్పారు. ఆయన పేషెంటు ఒక ముసలి రైతు, కొత్తగా నాటిన చెట్ల బెరడంతా జింకలు ఒలిచేస్తున్నాయని, వచ్చి వాటి సంఖ్య తగ్గించే పనిలో చెయ్యి వెయ్యమని డాక్టరుగారినే అడిగాడట. రోజంతా జనం మధ్య కూర్చునే బావకు తెల్లవారుజామున మాట్లాడకుండా ఆకుల మధ్య కూర్చునే ఆ పని నచ్చేసింది. శిక్షణకు వెళ్లారు. పోలీసు శాఖ నుంచి ఒకాయన వచ్చి, తుపాకీ పెట్టబోయే ఇనుప బీరువా గోడకు సరిగ్గా బిగించారో లేదో కుదిపి చూసి, మీకేమైనా అభ్యంతరమా అని మా అక్కను అడిగాడు. లేదని చక్కటి ఇంగ్లీషులో చెప్పి, టీ ఇచ్చి, నవ్వుతూ సాగనంపిన మనిషి, తలుపు మూసీ మూయగానే వంటగదిలోకి వెళ్లి సింక్ పట్టుకుని ఏడ్చింది.

ఆమె భయం జింక గురించి కాదు, బావ గురించీ కాదు. అవతల ఎవరో ఉంటారని. ఆ రాత్రి అన్నాల దగ్గర తన షరతు చెప్పింది.

"మీరు కొడతారో కొట్టరో నాకనవసరమండీ. అవతలున్నది జింకో మనిషో ముక్కూ మొహంతో సహా కనపడాలి. అన్నిటికన్నా పెద్దగా చూపించే గాజు కొనండి. లేకపోతే ఆ తుపాకీ నా ఇంట్లోకి రావడానికి వీల్లేదు."

"కళ్లజోడు మారిస్తే సరిపోతుందేమో," అన్నారు బావ.

"హాస్యాలొద్దు. ఒట్టు వెయ్యండి."

బావ అన్నం చేత్తోనే ఒట్టు వేశారు.

మర్నాడు ఆయనా, నేనూ, ముసలి రైతూ కలిసి దగ్గర్లోని చిన్న ఊళ్లో తుపాకుల దుకాణానికి వెళ్లాం. ఆ యజమాని కౌంటర్ మీద నల్లటి గుడ్డ పరిచి రెండు స్కోపులు పక్కపక్కన పెట్టాడు. ఒకటి ఫిక్సెడ్, ఎప్పుడూ ఆరు రెట్లే, మార్చడానికేమీ ఉండదు. రెండోది వేరియబుల్, దాని మెడ దగ్గరున్న రింగు తిప్పితే మూడు రెట్ల నుంచి పన్నెండు దాకా పెరుగుతుంది. రైతు తుపాకీ మీద ముప్ఫై ఏళ్లుగా ఉన్నది ఆరే. బావ వాటిని చేతుల్లో తూచినట్టు పట్టుకుని నావైపు తిరిగారు.

"ఏవోయ్ బామ్మర్దీ, నీ లెక్కేమంటోంది?"

"మూడు నుంచి పన్నెండు అంటే ఆరు కూడా అందులోనే ఉంది కదా బావా. ఒకటి కొంటే రెండూ వచ్చినట్టే," అన్నాను.

రైతు ఆ మాట ఇంగ్లీషులో చెప్పించుకుని నవ్వాడు. "ఆరు అందులో ఉంటుంది, నిజమే. అవసరం పడినప్పుడు మీ రింగు దాని దగ్గర ఉండదు," అన్నాడు.

యజమాని మమ్మల్ని కిటికీ దగ్గర నిలబెట్టి, రెండింటిలోనూ బయటకు చూడమన్నాడు. వీధి చివర చిన్న చర్చి గోడ మీద పాత గడియారం ఒకటుంది. ఆరులో గడియారం, దాని కింద గేటు, గేటు ముందు బిడ్డ బండి తోసుకుంటూ పోయే ఒకామె, అన్నీ కలిసి చిన్నగా కనిపించాయి. పన్నెండులో గడియారపు ముల్లు మీది తుప్పు కనిపించింది. మేమిద్దరం ఆ తుప్పుకే మురిసిపోయాం. బిడ్డ బండి ఆ గుండ్రంలోంచి మాయమైపోయిందని అప్పుడు తోచలేదు. తోచినా బావ ఆరు కొనేవారు కాదు. "మీ అక్క మాట కాదని ఇంటికెలా వెళ్తానోయ్?" అంటూ వేరియబుల్‌నే ప్యాక్ చేయించారు.

రింగు పన్నెండు దగ్గర పెట్టి, ఇక కదపలేదు. ఒట్టు వేసింది పెద్దగా చూస్తానని కదా. ఆయన బయల్దేరినప్పుడు అక్క గడప దగ్గరికొచ్చి, తాళాలు తీసుకున్నారా అన్నట్టే, "పన్నెండేనా?" అనేది. "పన్నెండే," అని ఆయన బూట్లు తొడుక్కునేవారు. వింటున్న నాకు కూడా ఆ అంకె మీద నమ్మకం కుదిరింది.

ఆ శరదృతువులో ఒక ఆదివారం తెల్లవారుజామున నేనూ వెంట వెళ్లాను. వాన వెలిసి, నేలంతా నానిపోయి ఉంది. చిన్న లోయకు ఇటువైపు కొయ్య గేటు, దాని మీద తుపాకీ ఆన్చి బావ, ఆయన పక్కనే మోకాళ్ల మీద నేను. అటువైపు వాలంతా ఎండి గోధుమరంగు తిరిగిన పొదలు. వాటి మధ్య ఒక జింక మేస్తోంది. వెనకంతా మట్టి కొండ, గుండు తప్పినా నేలలోకే పోతుంది. బావ అది ముందే చూసుకున్నారు, నాకూ చూపించారు. అంతవరకూ ఏ తప్పూ లేదు.

జింక మేస్తూ మేస్తూ కుడివైపుకు కదిలింది. బావ స్కోపులోంచి కన్ను తీయకుండా దానితోపాటే గొట్టాన్ని మెల్లగా జరుపుతూ వచ్చారు. అంత దూరంలో పన్నెండు చూపించేది మూడు నాలుగు మీటర్ల వెడల్పు, అందులో సగం జింకే నిండిపోతుంది. మిగతాదంతా గోధుమరంగు పొదలు. ఇక్కడి పొదా అక్కడి పొదా ఆ గుండ్రంలో ఒకటే. ఆయన దృష్టిలో జింక ఇంకా మట్టి కొండ ముందే ఉంది. గాజు లేని నా కళ్లకు మాత్రం ఆ వాలు అక్కడితో అయిపోయి, కంచెలో ఒక సందు, సందు వెనక ఊళ్లోవాళ్లు కుక్కల్ని తిప్పే బాట కనిపిస్తున్నాయి. ఆ బాట మీద, బావ గుండ్రానికి అవతల, జింక వెనక్కే నడిచి వస్తూ, ఎర్రటి ఉన్ని టోపీ ఒకటి కదులుతోంది.

అరుద్దామనుకున్నాను. అంత వ్యవధి లేదు. బావ ఊపిరి బిగబట్టడం వినిపించింది, ఆ తర్వాత చెయ్యబోయేదేమిటో నాకు తెలుసు. ఎందుకు చేశానో ఎలా చేశానో తెలియదు, చెయ్యి చాచి స్కోపు ముందున్న గాజును అరచేత్తో మూసేశాను.

"ఏంటిది! చెయ్యి తియ్యవోయ్!"

నేను తీయలేదు. తలతో అటు చూపించాను. బావ గాజులోంచి కన్ను ఎత్తి, మామూలు కళ్లతో చూశారు. ఆయన ముఖంలో రక్తం దిగిపోవడం అంత దగ్గరగా చూశాను. బోల్టు వెనక్కి లాగారు, తూటా జారి గడ్డిలో పడింది. జింక ఎప్పుడు పారిపోయిందో మేం చూడలేదు.

ఎర్ర టోపీ ఆవిడ బాట వెంట చుట్టూ తిరిగి మా గేటు దగ్గరికే వచ్చింది. వెంట ముసలి కుక్క. ఆవిడా బావ పేషెంటే. వాన తెరిపిచ్చిందని సంతోషపడి, "ఏమైనా దొరికిందా డాక్టర్?" అని అడిగింది.

"లేదు," అన్నారు బావ. "ఇవాళ ఏమీ లేదు."

ఆవిడ వెళ్లిపోయాక ఆయన తడి గడ్డిలో అలాగే కూర్చుండిపోయారు. నా అరచేతి మీద గాజు అంచు గుండ్రంగా అచ్చు పడి ఉంది. కారు ఎక్కేదాకా అది చెరగలేదు.

కారులో, అక్కకు చెప్తారా అని అడిగాను. బావ వైపర్ల వంకే చూస్తూ అన్నారు. "ఏం చెప్పమంటావు? నా తప్పైతే ఈ క్షణమే చెప్తాను. ఇది చెప్తే తన మాట వల్లే ఇంతదాకా వచ్చిందనుకుంటుంది. ఇక నిద్రపోదు. కొన్నాళ్లు పోనీ." ఆ వారంలోనే దుకాణానికి వెళ్లి, వేరియబుల్ ఇచ్చేసి ఆరు తెచ్చుకున్నారు.

అక్క కనిపెట్టింది. ఎందుకు మార్చారంటే, బరువు ఎక్కువైందని ఆయనేదో సర్దిచెప్పారు. "నా మాటకు ఈ ఇంట్లో బరువు లేదులెండి," అని అక్క లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆయన బయల్దేరినప్పుడు గడప దగ్గరికి రాలేదు. పన్నెండేనా అని మరి అడగలేదు. బావ ఆ గడప దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఏదో మర్చిపోయినవాడిలా లోపలికి చూసి వెళ్లేవారు. కొన్నాళ్లు అన్నవి ఏళ్లయ్యాయి. తర్వాత ఆయనే లేకుండా పోయారు.

ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోను. బస్సులో పక్కన కూర్చున్న పిల్లలు రెండు వేళ్లతో ఫోటోను సాగదీసి ఒక ముఖాన్ని స్క్రీనంతా నింపుకుంటారు. పక్కనున్నవాళ్లు అంచుల్లోంచి జారిపోతారు. అది చూసినప్పుడల్లా నా అరచెయ్యి దానంతటదే లేవబోతుంది, అణుచుకుంటాను. దగ్గరగా చూడటమే బాగా చూడటమని మా అక్క అనుకున్నట్టే లోకమంతా అనుకుంటోంది, ఆవిడను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. భయపడిన మనిషి ఇంకేం కోరుకుంటుంది?

నిన్న సాయంత్రం ఆ ఆరు స్కోపును కిటికీ దగ్గర కంటికి ఆన్చుకున్నాను. మా వీధి, బస్ స్టాపు, అక్కడ నిలబడ్డ వాళ్లంతా చిన్నగా, మొత్తంగా కనిపించారు. తువ్వాలు నుంచి అక్క ఇంటి సబ్బు వాసన వస్తోంది. ఫోను పక్కనే ఉంది, ఆమె మళ్లీ రెండుసార్లు చేసినట్టు చూపిస్తోంది. చెప్తే ఆమెకు నిద్ర కరువవుతుంది. చెప్పకపోతే, ఆ ఇంట్లో తన మాటకు విలువ లేదనుకుంటూనే ఆమె మిగిలిన కాలం గడుపుతుంది, ఆమె మాటకు అంత విలువిచ్చిన మనిషి మీద నింద మిగిలిపోతుంది. ఏ వైపు నుంచి కూడినా నా లెక్క తేలడం లేదు.

పోయినవి అయిదు. మా అక్కకు బాకీ ఉన్న జవాబు, ఈ రోజుకీ, ఒకటి.