పెన్సిలుతో నలభై రెండు

నా బీరువాలో యాభైకి పైగా డైరీలున్నాయి. అన్నీ వరుసలోనే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ కిందటి డైరీని మాత్రం నిన్నటిదాకా తెరవలేదు. దుమ్ము దులిపేటప్పుడు కూడా దాన్ని వదిలేసి పక్కదాన్ని తుడిచేవాణ్ణి. తెరవకపోతే ఏం? ఏ పేజీలో ఏముందో నాకు తెలుసు. నా భార్యకు చెప్పలేకపోయాను. ఆమె పోయింది. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పర్సనెల్ ఆఫీసరుగా పనిచేశాను. ఇంటర్వ్యూకు వచ్చినవాళ్ళు ఎలా చేశారో తేల్చడం నా పనిలో ఒక భాగం. ముగ్గురం కూర్చునేవాళ్ళం. మిగతా ఇద్దరూ మార్కులు నోటితో చెప్పేవారు, నేను పెన్సిలుతో వేసుకునేవాణ్ణి. సాయంత్రం సిరాతో ఫెయిర్ కాపీ రాసి ముందు పెడితే, నా చేతిరాత మీద నమ్మకంతో చదవకుండానే సంతకాలు పెట్టేవారు. అన్నేళ్ళలో ఒక్క అంకె తప్పు పోలేదు. తప్పు పోకపోవడమే నాకు తర్వాత ఉపయోగపడింది.

ఆ రోజు ల్యాబులో కెమిస్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఖాళీ ఒక్కటే. నాలుగో అభ్యర్థి పేరు శేఖర్. దరఖాస్తులో తండ్రి పేరు ఓబుళరెడ్డి అని ఉంది. ఊరు కమలాపురం దగ్గర ఒక పల్లె. అది మా ఊరే. పెన్సిలు కింద పెట్టి ఆ పేరు రెండోసారి చదివాను.

మా నాయన సుంకన్న ఆ ఓబుళరెడ్డి చేనిలోనే జీతానికి ఉండేవాడు. నేను డిగ్రీ పాసై ఊరి సొసైటీలో గుమాస్తా ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళిన నాడు, ప్రెసిడెంటు కుర్చీలో ఉన్నది ఓబుళరెడ్డే. ఒక్కటే ప్రశ్న అడిగాడు.

“మీ నాయన యాడ పని చేస్తాండాడప్పా?”

“మీ చేన్లోనే.”

“ఐతే ఇంకేమప్పా, నీకు ఉద్యోగం వచ్చినట్టే గదా! మీ నాయన పక్కన ఇంకో పార ఖాళీగా ఉండాదిలే!”

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాళ్ళ నవ్వు కన్నా నా నవ్వే నన్ను ఎక్కువ కాల్చింది. బయటికొచ్చాక ఆయన నా భుజం మీద చెయ్యేసి, “తమాషాకన్నాలే. శానా బాగా చేసినావప్పా. కాగితం ఇంటికే వస్తాది. ఇంక యాడికీ తిరగొద్దు,” అన్నాడు. నమ్మాను. రాయచోటిలో ఇంకో ఉద్యోగానికి పిలుపొస్తే వెళ్ళలేదు. ఎనిమిది నెలలు పోస్టుమాను దారి చూశాను. నేను ఆ గదిలోకి అడుగు పెట్టకముందే ఉద్యోగం ఆయన మేనల్లుడికి ఇచ్చేశారని ఆ తర్వాత తెలిసింది. మరుసటేడు మేము ఊరు వదిలేశాం. ఆయన మాటలు మాత్రం పొల్లుపోకుండా డైరీలో రాసుకున్నాను.

ఆయన కొడుకు ఇప్పుడు నా ఎదురుగా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతున్నాడు. ల్యాబు మేనేజరు ఒక ప్రశ్న వేశాడు: “రోజూ సరిగ్గా వచ్చే ఫలితం ఉన్నట్టుండి తేడాగా వస్తే ఏం చేస్తావు?”

“ముందు నా పరీక్షనే అనుమానిస్తాను సార్. తప్పు నా చేతిలో లేదని తేలినాకే సరుకును అనుమానిస్తాను.”

అంత మంచి జవాబు ఆ గదిలో నేను వినలేదు. యాభైకి నలభై రెండు. పెన్సిలుతో వేశాను. అతని తర్వాతివాడికి ముప్పై ఎనిమిది.

శేఖర్ వరండాలో నా కోసం ఆగి ఉన్నాడు. “సార్, నేనెట్ల చేసినాను? కర్నూలు సైడు ఒక ఫ్యాక్టరీలో సోమవారం చేరమన్నారు. పోవాల్నా, ఉండాల్నా? మీ మాట చెప్తే శానా మేలు సార్.”

అప్పటిదాకా నేనేమీ అనుకోలేదు. నిజం. లేక ఆ పేరు రెండోసారి చదివినప్పుడే అనుకున్నానా? అతని భుజం మీద చెయ్యేశాను.

“శానా బాగా చేసినావప్పా. కాగితం ఇంటికే వస్తాది. ఇంక యాడికీ తిరగొద్దు.”

సాయంత్రం సిరాతో ముప్పై ఒకటి అని రాశాను. ఇద్దరూ చదవకుండా సంతకం పెట్టారు. పెన్సిలు కాగితాన్ని చించెయ్యాలి, అది పద్ధతి. చించకుండా ఆ రోజు డైరీలో పెట్టుకున్నాను. ఎందుకు దాచాను? ఎప్పుడో ఒకనాడు ఓబుళరెడ్డి ముందు పరిచి, ‘నేను సుంకన్న కొడుకును’ అని చెప్పడానికి. ఆ వాక్యాన్ని స్కూటరు మీద వెళుతూ పైకి అని చూసుకునేవాణ్ణి.

వారం తిరక్కుండానే ఆయనే వచ్చాడు, సంచి నిండా చీనీకాయలతో. జుట్టు నెరిసింది. నన్ను ‘సార్’ అన్నాడు. “మావాడు మీ మాటే చెప్తాండాడు సార్. ఆ కర్నూలు ఉద్యోగం వద్దని రాసేసినాడు.”

“నన్నెప్పుడైనా చూశారా?” అని అడిగాను.

కళ్ళు చికిలించి చూశాడు. “యాడో చూసినట్టే ఉండాది సార్. మీదేవూరు?”

“కడప,” అన్నాను.

ఎందుకు చెప్పలేదు? చెబితే బతిమాలుకుంటాడని, బతిమాలితే కరిగిపోతానేమోనని. కరగడం నాకు ఇష్టం లేదు. చీనీకాయలు తీసుకున్నాను. తీయగా ఉన్నాయి. డైరీలో అది కూడా రాశాను.

కాగితం వెళ్ళలేదు. శేఖర్ మూడుసార్లు గేటు దగ్గరికి వచ్చాడు. మూడుసార్లూ మీటింగులో ఉన్నానని చెప్పించాను. నాకు ఎనిమిది నెలలు పట్టింది, నీకెంత పడుతుందో చూద్దాం అనుకున్నాను. ఆ రోజుల్లో నాకు నిద్ర బాగా పట్టేది. కొన్నేళ్ళకు ఓబుళరెడ్డి పోయాడని విన్నాను. నేనెవరో తెలియకుండానే పోయాడని కోపం వచ్చింది. నా ఉసురు ఆయనకు తగలాలనుకున్నాను, తగల్లేదు. తగిలింది ఇంకొకడికి.

పోయిన నెల ఎర్రగుంట్ల స్టేషనులో రైలు కోసం కూర్చుని ఉంటే ఒకతను వచ్చి కాళ్ళకు మొక్కాడు. శేఖర్. ఏదో ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లారీల లోడు చీటీలు రాస్తున్నాడట. చొక్కా మీద సిమెంటు పొడి.

“ఆ కాగితం ఎవురో పెద్దోళ్ళు మార్పించింటారు సార్. నాకు తెలుసు. మీరొక్కరే నిజం చెప్పినారు. బాగా చేసినానని ఒకరన్నా అన్నారు గదా అని, దాన్ని పట్టుకునే ఉండా ఇన్నేండ్లు.” ఫోను తీశాడు. “మా పాప రేపు ఇంటర్వ్యూకు పోతాండాది. దానికీ ఒక మంచిమాట చెప్పండి సార్.”

ఫోనులోంచి ఆ పిల్ల ‘తాతా’ అని పిలుస్తూనే ఉంది. నాకు చెవులు సరిగా వినపడవని చెప్పి ఫోను తిరిగి ఇచ్చేశాను. నా చెవులు బాగానే ఉన్నాయి.

అతనికి నేను చెప్పిన మాటల్లో ఒకటి నిజమే. బాగా చేశాడు. నోటితో నిజం చెప్పి, చేత్తో అబద్ధం రాశాను. ముందు నా పరీక్షనే అనుమానిస్తానన్నాడు అతను. ఆ పని నేను ఇరవై రెండేళ్ళు వాయిదా వేశాను.

ఓబుళరెడ్డి మీద కోపం పోయిందా అని అడిగితే, పోలేదు. ఆ గదిలో నవ్వు ఇవాళ కూడా వినిపిస్తుంది. ఆయన ఎదురుగా నిలబడితే నేనిప్పుడు కూడా క్షమించను. కానీ ఇంటర్వ్యూ నాడు నా ఎదురు కుర్చీలో కూర్చున్నది ఆయన కాదు. నాకు ముందే తెలుసు ఆయన కాదని.

ఇవాళ ఉదయం ఆ డైరీ తెరిచాను. పెన్సిలు కాగితం పసుపుపచ్చగా మారింది, అంకె చెరగలేదు. దాన్ని ఏం చేస్తానో, శేఖర్‌కు ఇచ్చే ధైర్యం నాకుందో లేదో, ఇంకా తెలియదు. ఇవాళ్టి పేజీలో మాత్రం సిరాతో ఇంత రాశాను: శేఖర్‌కు వచ్చినవి నలభై రెండు. ముప్పై ఒకటి వేసింది నేను.