చిల్లుల కడాయి

ఆ కడాయి పేరెత్తితేనే మంగవ్వకు ఒళ్ళు మండేది. పసుపు ఉడకబెట్టే పెద్ద రాగి కడాయి అది. ఆమె అత్త ముత్తెమ్మకు తన అత్త నుంచి వచ్చింది. ఒకప్పుడు ఆర్మూర్‌లో ఆ వాడంతా దాని కోసం ముత్తెమ్మ గడప తొక్కింది. ఎవరి వంతు ముందు, ఎవరిది వెనుక అన్నది ఆమె మాటే. అడుగు పగిలినప్పటి నుంచి ఆ ఇంటికి వచ్చేవాళ్ళు లేరు, ముత్తెమ్మ నోట మాటా లేదు.

జర్మనీ లడాయి రోజులు. రాగంతా తూటాలకే పోతోంది, కొత్త రాగి కంటికి కనపడదు. కంచరి హన్మండ్లు పాత రాగి ముక్క తెచ్చి, అడుగున పగులు మీద అతికి మాటు వేశాడు. మంగవ్వ నీళ్ళు పోసి, పసుపు కొమ్ములు నింపి, పొయ్యి రాజేసింది. మరగకముందే మాటు ఊడింది. కారిన నీళ్ళకు పొయ్యి ఆరింది. మళ్ళీ మాటు, మళ్ళీ అదే పాట. "గీసారి ఢోకా లేదు" అని హన్మండ్లు అన్న ప్రతిసారీ ఆమెకు కడుపు మండింది. పెరట్లో తవ్వి పోసిన పసుపు ఊరికే మెత్తబడిపోతోంది.

పక్కింటి పోచయ్యకు ఇంకా పెద్ద ఇనుప కడాయి ఉంది. కాగే నీళ్ళలోంచి ఉడికిన కొమ్ములు తోడలేక అతను చేతులు కాల్చుకునేవాడు. అది చూసిన మంగవ్వ ఇంటికొచ్చి, ఉలి, సుత్తె పట్టి రాగి కడాయి అడుగంతా చిల్లులు కొట్టింది.

"పిస్స లేచిందా నీకు? మా అత్త కడాయిని జల్లెడ చేస్తివి," అంది ముత్తెమ్మ.

"నీళ్ళు ఆపుత లేదు గద అత్తా. ఆపకుంటనే పని చెయ్యనీ."

చిల్లుల కడాయిలో పోచయ్య కొమ్ములు పోసి, తాళ్ళతో అతని కడాయిలోకి దించారు. ఉడికాక పైకి లాగితే కొమ్ములు వచ్చాయి, వేడినీళ్ళు కిందే ఉండిపోయాయి. పోచయ్య నోరు తెరిచాడు.

"రేపు ముందు మీ పసుపే ఉడకబెట్టుకో మంగవ్వ. నాది ఎన్కకైతది."

మర్నాడు ఆమె గంప నెత్తిన పెట్టుకుని పోచయ్య ఇంటికి వెళ్ళేసరికి, వాడ చివరి సాయిలు పసుపు ఉడుకుతోంది. గట్టు మీద నలుగురు గంపలతో కూర్చున్నారు. వాళ్ళ మధ్య పీట మీద ముత్తెమ్మ.

"నాదేమున్నది, మీ అత్తనే చెప్పింది," అన్నాడు పోచయ్య.

"మరి మనది అత్తా?"

"మనది ఇంట్లనే ఉన్నది గద, యాడికి పోతది? ఇంటికొచ్చి అడిగినోళ్ళకు లేదంటమా?" అని, ముత్తెమ్మ అటు తిరిగి, "గంగాబాయీ, సాయిలు తర్వాత నువ్వే," అంది.

మంగవ్వకు తిట్టు నోటిదాకా వచ్చింది. ఇన్నాళ్ళకు వెలిగిన అత్త మొహం చూసి మింగేసింది. కుళ్ళిన కొమ్ములు ఏరి పారేయడానికి గంపతో వెనక్కి నడిచింది.