మాట్లాడకూడని గది

దయ్యాలున్నాయనే వాళ్లని చూస్తే నాకు చిరాకు. బాపట్ల కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను మరి. ఇది నా స్టూడెంట్స్ చదివితే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

గొంతులో గడ్డకి వైద్యం అయ్యాక, జబ్బు పూర్తిగా పోయిందో లేదో చూడటానికి గుంటూరులో పెట్ స్కాన్ చేయించమన్నారు. పరమాణువు లోపలి కణాలను వెతికే ప్రయోగాల్లో వాడే స్ఫటికాల వంటివే ఆ మిషన్ చుట్టూ ఉంటాయి. ముందు రేడియోధార్మికత ఉన్న చక్కెర మందు ఎక్కిస్తారు. జబ్బున్న చోటికీ, పనిచేసే కండరానికీ అది ఎక్కువ చేరుతుంది. అక్కడి నుంచి వచ్చే కిరణాలను స్ఫటికాలు పట్టుకుంటే ఆ చోటు తెరమీద వెలుగుతుంది. మాట్లాడితే గొంతు కండరాలూ వెలుగుతాయి కాబట్టి, మందు ఎక్కించాక గంటసేపు గదిలో ఒంటరిగా ఉంచి, అస్సలు మాట్లాడొద్దంటారు. ఏటా నేను క్లాసులో చెప్పే పాఠమే ఇది.

ఆ రోజు నన్నూ అలాగే కూర్చోబెట్టారు. కాసేపటికి పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కనిపించారు. నేత చీర, చేతికి నాలాగే సూది గుచ్చిన చోట దూది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నారు.

మా వైపు పెద్దవాళ్లు ఊరడిగితే పలక్కపోవడమంత పొగరు ఇంకోటి లేదు. "తెనాలండి" అన్నాను. వాళ్లది కాకుమానట. రేపల్లెలో మా మేనత్త ఉండే వీధి కూడా ఆవిడకి తెలుసు. ఇక మాటలకి కొదవేముంది?

స్కాన్‌లో నా గొంతు భగ్గున వెలిగింది. అది జబ్బో, మాటల వల్లో డాక్టర్‌గారు తేల్చలేకపోయారు.

"మాట్లాడారా మేడం?" అన్నాడు టెక్నీషియన్. ఆవిడ సంగతి చెప్పాను. అతను కెమెరా రికార్డింగ్ చూపించాడు. గదిలో ఒకటే కుర్చీ. అందులో నేను, కళ్లు మూసుకుని. పెదవైనా కదల్లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. కల కన్నానని సరిపెట్టుకుందామంటే, గొంతులో వెలిగింది జబ్బేనని ఒప్పుకోవాలి.

కొన్ని వారాలకి మళ్లీ వెళ్లాను. కళ్లు తెరుచుకునే కూర్చున్నాను. ఆవిడ వచ్చారు.

"బాగున్నావా అమ్మా?"

భయంతో పెదవులు బిగించాను. మళ్లీ అడిగారు. మొహం గోడవైపు తిప్పేశాను.

"నువ్వు కూడా మాట్లాడవేంటమ్మా?" అన్నారు. తర్వాత చూస్తే ఎవరూ లేరు.

రిపోర్టులో జబ్బు లేదు. అంటే మొదటిసారి వెలిగింది మాటలకే. పెదవి కదలకుండా ఆ మాటలెలా వచ్చాయో నా ఫిజిక్స్‌కి అందడం లేదు.

ఇంట్లో అందరూ స్వీట్లు పంచారు. నాకు మాత్రం సిగ్గుగా ఉంది. ఆవిడ మనిషో కాదో తెలియదు. అడిగింది బాగున్నావా అనే కదా.