మా గోడకింది తూము

వానాకాలం దగ్గరపడిందని మా వాడకు ముందుగా తెలిసేది మబ్బుల వల్ల కాదు, వాసన వల్ల. పంచాయతీ వాళ్లు మనుషుల్ని పెట్టి మోరీల్లోని నల్లటి బురదంతా తోడించి, ఆ మోరీల పక్కనే కుప్పలు పోయించి, ట్రాక్టర్ రేపొస్తుందని చెప్పి వెళ్లిపోతారు. ఆ రేపు ఎప్పుడూ వాన వెలిసిన తర్వాతే వస్తుంది, ఈలోగా కుప్పలు కరిగి ఎక్కడివక్కడ మళ్లీ మోరీల్లోకే దిగిపోతాయి. ఈ ఏడు మిరుగం, అంటే మృగశిర కార్తె, ఇంకా పది రోజులుందనగా, మహబూబాబాద్‌లో ఆఫీసు పని ముగించుకుని బస్సు దిగి వాడలోకి తిరిగేసరికి ఆ వాసన ముక్కుకు తగిలింది. సబ్బునీళ్లు, కుళ్లిన ఆకులు, ప్లాస్టిక్ కవర్లు అన్నీ కలిసిన వాసన. కొంగు అడ్డం పెట్టుకుని గబగబా నడుస్తుంటే మా గోడ దగ్గర, ఆ కుప్ప అడుగునుంచి, తడిసిన ఎర్రమట్టి వాసన సన్నగా వచ్చింది. నా కాళ్లు ఆగిపోయాయి. అది మా తూము వాసన.

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువ. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటైనా పోవాలనిపిస్తుంది. మా నాయిన తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే ముసలామె, నన్ను చూసినప్పుడల్లా "దీని కాళ్లల్ల చక్రాలున్నయి" అనేది. ఆ చక్రాలు ఎక్కువగా తిరిగింది మాత్రం ఆ తూము చుట్టూనే.

కేసముద్రం పోయే తొవ్వలో ఉన్న మా ఊళ్లో, మాది వాడ చివరి నుంచి రెండో ఇల్లు. పైనుంచి దిగుతూ వచ్చే వాడ మా ముందుకు వచ్చేసరికి పూర్తిగా పల్లమవుతుంది. అందుకని ఏ కాలంలో ఎవరు పెట్టారో గానీ, మా మట్టి ప్రహరీ గోడ అడుగున మనిషి తల పట్టేంత తూము ఒకటి ఉండేది. వాడ నీళ్లన్నీ అందులోకి దూరి, మా వాకిట్లో బండలు కప్పిన కాలువ వెంట ఇంటి పక్కనుంచి పారి, వెనక గోడకున్న ఇంకో తూములోంచి బయటపడి పొలాల దిక్కు వెళ్లిపోయేవి. మా ఇంట్లోంచి ఊరి నీళ్లు పోవడం మాకు వింత కాదు, సూర్యుడు మా వాకిట్లోకి రావడం వింత కానట్టే.

ఎండాకాలమంతా పందికొక్కులు దూరకుండా అవ్వ ఆ తూమును తుమ్మకంపతో, పాత గోనెసంచితో కుక్కి ఉంచేది. మిరుగం నాడు పొద్దున్నే మా నోళ్లలో తలా ఇంత ఇంగువ కలిపిన బెల్లం పెట్టి, కొంగు నడుముకు చుట్టి, ముక్కు విరిగిన కొడవలి పట్టుకుని గోడ దగ్గర గొంతుకూర్చునేది. కంప లాగి, సంచి లాగి, మోచేయి వరకు చెయ్యి దూర్చి ఏడాది మట్టినంతా బయటికి తీసేది. ఆ మట్టి ఎర్రగా, చల్లగా, పచ్చి కుండ వాసన వేసేది. తర్వాత తూము పైబండకు పసుపు రాసి, బొట్టుపెట్టి, వాడ నడుమ నిలబడి గొంతెత్తేది.

"తూము ఇడిసిన! ఎవలి ముంగటిది వాళ్లు తీసుకోండ్రి!"

ఆ కేక కోసమే ఎదురుచూస్తున్నట్టు ఇంటికొకరు పారతోనో చీపురుతోనో బయటికి వచ్చేవారు. ఎవరి గుమ్మం ముందు కాలువ వాళ్లు గీకి, మట్టిని తమ గోడలకే మెత్తుకునేవారు. మధ్యాహ్నానికల్లా వాడంతా పని ముగించి చేపల పులుసు వాసనల్లో మునిగిపోయేది. సర్పంచ్ ఒకాయన ఉండేవాడని విన్నాం గానీ, ఈ పనికి ఆయన అవసరం పడినట్టు నాకు గుర్తులేదు.

మాకు ఆనుకుని ఉన్న చివరి ఇల్లు ఖాసింబీది. ఆమె మిషిన్ మీద రవికెలు కుట్టేది. ఆమె బిడ్డ షాహీన్ నా ఈడుది. మొదటి పెద్దవాన పడగానే మా ఇద్దరికీ ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఒకరు వాడలో తూము దగ్గర, ఒకరు వెనక గోడ దగ్గర. వేపపుల్ల, కంకి తిని పారేసిన మక్క బెండు, ఖాసింబీ మిషిన్ కింద దొరికిన ఖాళీ దారం రీలు, చివరికి ఎవరిదో హవాయి చెప్పు, ఏది దొరికితే అది నీళ్లలో వేసి ముందున్నది "పోయిందే!" అని అరవాలి. వెనకున్నది చూసి "వచ్చిందే!" అని తిరిగి అరవాలి. రెండు అరుపుల మధ్య ఆ వస్తువు బండల కింద, చీకట్లో, ఎక్కడుందో తెలియని క్షణాలుండేవి. ఆ క్షణాల్లో నాకు ఊపిరాడేది కాదు. ఆగలేక వాకిలి దాటి, వంటింట్లోంచి, పొయ్యి మీద సర్వపిండి కాలుస్తున్న అవ్వ కాళ్ల మీదుగా దూకి, తడి పాదాలతో వెనక్కి పరుగెత్తేదాన్ని.

"ఓ పిల్లా, ఆ బండల మీద దుంకకు, కాళ్లిరుగుతయి!" అని అవ్వ అరుస్తూనే ఉండేది.

తొలి ఏకాదశికి మా ఇంటి పేలపిండి ఖాసింబీ ఇంటికి పోయేది, పీర్ల పండుగకు వాళ్లింటి మలీద గిన్నె మా ఇంటికి వచ్చేది. మూత పెట్టిన ఆ గిన్నెలను తడవకుండా మోసే పని మా ఇద్దరిదే. ఎంత వాన కురిసినా ఖాసింబీ గడప మాత్రం తడిసేది కాదు. ఆమె ఇల్లు మా ఇంటికన్నా జానెడు పల్లంలో ఉండేదనే సంగతి కూడా మాకు అప్పుడు తెలియదు.

తర్వాత అవ్వ పోయింది. ఊళ్లోకి నల్లాలు వచ్చాయి, నల్లాల వెనకే ఇంటింటికీ బాత్రూములు వచ్చాయి, ఆ నీళ్లన్నీ వాడలోకే వదిలారు. వానకు మాత్రమే పారే తూము ఏడాది పొడుగునా పారడం మొదలుపెట్టింది. వాకిట్లో ముక్కు మూసుకోకుండా అన్నం తినలేకపోయేవాళ్లం. సరిగ్గా అప్పుడే నా పెండ్లి కుదిరింది. పందిరి వేయాల్సింది ఆ వాకిట్లోనే. మా నాయిన రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, చివరికి ఖాసింబీ గుమ్మం ముందు నిలబడ్డాడు. నేనూ షాహీనూ లోపల గోరింటాకు నూరుతూ అంతా విన్నాం.

"నాలుగు రోజుల కోసం తూము మూస్తున్న చెల్లె. పెండ్లి అయినంక ఇడుస్త."

"అరె, గదేం మాట అన్నా! పోరి షాదీ కాదా? మంచిగ జెయ్యి" అంది ఖాసింబీ.

నాలుగు రోజులు అయిపోయాయి. వాకిట్లో వాసన పోయింది. ఆ హాయికి ఇంట్లో అందరమూ అలవాటుపడ్డాం. మరుసటి ఏడు మట్టిగోడ తీసి ఇటుకగోడ కట్టించారు, పైన సిమెంటు పూసి రంగు వేయించారు. నా భర్త ఇల్లరికం వచ్చాడు కాబట్టి నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను, ఆ గోడను రోజూ చూస్తూనే ఉన్నాను. నాయిన పోయేదాకా తూము మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది.

దారి దొరకని నీళ్లు మా గోడకు తగిలి, పక్కకు తిరిగి, ఖాసింబీ గడప ఎక్కాయి. అప్పటినుంచి పంచాయతీ చేయని పని లేదు. వాడలో నీళ్లు నిలుస్తున్నాయని సిమెంటు రోడ్డు పోశారు. మళ్లీ నిలిస్తే దాన్ని తవ్వకుండా దాని మీదే ఇంకో పొర, తర్వాత దాని మీద మరో పొర. చిన్నప్పుడు మేం మూడు మెట్లెక్కి పోయిన ఖాసింబీ ఇంట్లోకి ఇప్పుడు రెండు మెట్లు దిగి పోవాలి. రెండు పక్కలా మోరీలు కట్టారు. అవి వాడ చివరికొచ్చి, ముందున్నది ప్రైవేటు స్థలమని, మా గోడ మూల దగ్గర చటుక్కున ఆగిపోయాయి. ఒక ఏడు మోటారు పెట్టి నీళ్లు తోడితే, అవి పై ఇళ్ల దాకా పోయి మళ్లీ వాలు వెంట తిరిగొచ్చాయి. ఖాసింబీ కన్నుమూసింది. షాహీన్ ఆ గదిలోనే కుడుతోంది. ఆమె గోడ మీద ఒక్కో వానాకాలం వదిలిపోయిన గోధుమరంగు గీతలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నేను అక్కడికి పోయిన ప్రతిసారీ ఆ గోడకు వీపు పెట్టే కూర్చున్నాను.

ఈసారి జనగామ నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర సెక్రటరీ కొంచెం మొండివాడు. మిరుగానికి వారం ముందు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించి గ్రామసభ పెట్టాడు. సర్పంచ్ పక్కన నిలబడి అందరినీ సూటిగా అడిగాడు.

"ఎన్కట రోడ్డు లేనప్పుడు ఈ నీళ్లు ఎటు పోయేటియి? పెద్దమనుషులు జర యాదికి తెచ్చుకోండ్రి."

"చెరువుకు పోయేటియి సారూ" అన్నాడు ముందు వరుసలో ఒక ముసలాయన.

"ఎటుకెల్లి పోయేటియి?"

"గట్లనే పోయేటియి."

అందరూ నవ్వారు. ఒకాయన తూర్పన్నాడు, ఇంకొకాయన కాదు పడమర అన్నాడు, మరొకాయన అప్పట్లో వానలే పడేవి కావన్నాడు. కాలువలు గీకిన ఆడవాళ్లంతా ఏనాడో పోయారు, వాళ్ల పిల్లలు పట్నాలు పట్టారు. నేను కుర్చీ అంచుకు జరిగి తల దించుకున్నాను. తలెత్తి చూస్తే, ఎదురు వరుసలో షాహీన్ నన్నే చూస్తోంది. ఆమెకూ తెలుసు. అయినా నోరు విప్పలేదు. నన్ను చూసి, నెమ్మదిగా తల తిప్పుకుంది. ఆమె అందరిలో నా పేరు చెప్పి దులిపేసి ఉంటే ఇంతకన్నా నయంగా ఉండేది.

ఇంటికొచ్చి, పాత తూము మళ్లీ తెరవాలేమోనని నా భర్తతో అన్నాను. "సూసుకో మరి. ఊరి మురికంత మన వాకిట్లకే వస్తది" అన్నాడు. అది నిజమే. అందుకే నాకు మరీ చిరాకు వేసింది. మరునాడు ఆఫీసులో ఒకే కాగితం మూడుసార్లు తప్పు రాశాను. మధ్యాహ్నం మబ్బు పడితే కిటికీ దగ్గరికీ కుర్చీకీ తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రం వాడలోకి వచ్చేసరికి షాహీన్ ఇంటి ముందు వాళ్లాయన ఆటో ఆగి ఉంది. మిషిన్ పైభాగం బెడ్‌షీట్‌లో మూటగట్టి వెనక సీట్లో పెట్టారు.

"ఎటు పోతున్నవే?"

"భూపాలపల్లికి. తమ్ముడు రమ్మంటుండు. మళ్ల వాన పడితే నాతోని కాదు పద్మా. గిరాకీల బట్టలు తడిస్తే ఎంతమందికి జవాబు చెప్పాలె?"

 చెప్పులు విడిచి, దొడ్లోకి పోయి గడ్డపార తెచ్చాను. ఆఫీసు చీరతోనే గోడ దగ్గర, అవ్వ కూర్చున్నట్టే కూర్చుని పొడవడం మొదలుపెట్టాను. సిమెంటు పెళ్లలు ఊడాయి, ఇటుక కదిలింది. కోపమో ఏడుపో నాకే తెలియలేదు. ఎంతసేపైందో, పక్కన ఇంకో చెయ్యి వచ్చి ఇటుక లాగింది. షాహీన్.

"సభల ఎందుకు చెప్పలేదే?" అన్నాను, తల ఎత్తకుండా.

"మీ నాయిన మాటిచ్చిండు గద. ఆ మాట నీ నోట్లకెల్లే రావాలని సూసిన" అంది.

వాడ జనం పోగయ్యారు. సెక్రటరీ వచ్చి, మేస్త్రీ తెచ్చిన సన్నటి పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి ఆ మూలా ఈ మూలా పట్టి చూసి, "అసలైన వాలు గిదే మేడం" అన్నాడు, తనే కనిపెట్టినట్టు సంతోషంగా. మా వాకిట్లోంచి నీళ్లు పోవడానికి ఒప్పుకుంటున్నానని సర్పంచ్ ముందు కాగితం మీద సంతకం పెట్టాను. మా పాత బండలు లేపి వాటి కింద పెద్ద పైపు వేసి, మళ్లీ కప్పేశారు. అదంతా అవడానికి సరిగ్గా నాలుగు రోజులు పట్టింది. నాయిన అడిగింది కూడా అన్ని రోజులే. మధ్యలో ఇరవై రెండేళ్లు పోయాయి.

మిరుగం వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం వాన దంచింది. మూట విప్పి మిషిన్ మళ్లీ బిగించుకున్న షాహీన్ గొడుగు కూడా లేకుండా బయటికొచ్చింది. ఇప్పుడు తూము నోటికి చెత్త దూరకుండా ఇనుప జాలి బిగించారు. ఆమె కుడికాలి చెప్పు తీసి చేత్తో పట్టుకుంది, జాలి చూసింది, మళ్లీ కాలికి తొడుక్కుంది. నేను ఇంట్లోంచే వెనక్కి పోయాను. వంటింట్లో దాటడానికి అవ్వ కాళ్లు లేవు, మట్టి వాడ లేదు, తూము తీసినప్పుడు కేకేసే గొంతు లేదు, ఆ కేకకు పారలతో బయటికొచ్చే ఇళ్లు లేవు. వెనక గోడ దగ్గర పైపు నోరు పొడిగా ఉంది. నాకు ఊపిరాడలేదు.

ముందు నుంచి షాహీన్ గొంతు వినిపించింది. "పోతున్నయే!"

నురగతో, బూడిద రంగులో, సబ్బు వాసన వేస్తూ నీళ్లు ఒక్కసారిగా నా పాదాల మీద పడ్డాయి. అవ్వ తీసిన ఎర్రమట్టి వాసన వాటిలో ఎక్కడా లేదు.

"వచ్చినయే!" అని అరిచాను. అరిచి, వాన తగ్గేదాకా కాలు కదపకుండా అక్కడే నిలబడ్డాను.